1800 కిందకు దిగడం: ఆన్‌లైన్ చెస్ ఆడటానికి భయపడ్డ ఒక యువకుడి కేసు

ఆన్‌లైన్‌లో ఒకరితో ఒకరు తలపడే ఆటలంటే భయపడేవాళ్లు సైకాలజిస్టు దగ్గరకు రావడమే తక్కువ. వచ్చినా వేరే కారణం చెప్పి వస్తారు. అసలు సంగతి బయటపెడితే ఎదుటివాళ్లు "ఆటే కదా, అంత టెన్షన్ ఎందుకు?" అంటారని వాళ్లకు ముందే తెలుసు. అలా అన్నందువల్ల భయమేమీ తగ్గదు. భయానికి సిగ్గు కూడా తోడవుతుంది, అంతే. ఆటను తక్కువ చేయకుండానే ఓటమిని తట్టుకునేలా చేయవచ్చని ఈ కేసులో నాకు స్పష్టంగా కనిపించింది. అందుకే రాస్తున్నాను.

ఈ వ్యక్తి అనుమతి తీసుకున్నాను. ఊరు, కుటుంబం, ఉద్యోగం, సంఖ్యలు, ఇలా గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను. పేరు పెట్టలేదు.

నేపథ్యం

వయసు ముప్పైకి దగ్గర. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దె ఫ్లాట్‌లో ఉంటాడు. సొంత ఊరు కోస్తాలో ఒక పట్టణం. 2002లో కోనేరు హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అంతకు ముందు ఏడాదే గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ అయ్యాడు. ఆ వార్తలు చదివి పిల్లల్ని చెస్ క్లాసులో చేర్పించిన తండ్రుల్లో ఇతని తండ్రి ఒకరు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆదివారాలు టోర్నమెంట్లలోనే గడిచాయి. జిల్లా స్థాయిలో పేరు వచ్చింది. ఇంటర్‌లో చేరగానే మన దగ్గర చాలామంది పిల్లలకు జరిగేదే ఇతనికీ జరిగింది. హాస్టల్, ఎంసెట్, బోర్డు అటకెక్కింది.

2020 లాక్‌డౌన్‌లో ఫోన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి ఏడాది హాయిగా ఆడాడు. పది నిమిషాల ర్యాపిడ్‌లో రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె, గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది) 1800 దాటింది, 1860 దాకా వెళ్లింది. కష్టాలు మొదలైంది అక్కడి నుంచే.

ఏ సమస్యతో వచ్చాడు

నిద్ర పట్టడం లేదని వచ్చాడు. రాత్రి ఒంటిగంటా రెండింటి దాకా ఫోన్ చూస్తున్నానని, ఉదయం మీటింగుల్లో తల పనిచేయడం లేదని చెప్పాడు. ఫోన్‌లో ఏం చూస్తారని అడిగితే కాసేపు తటపటాయించి, "నవ్వకండి మేడమ్. చెస్. కానీ ఆడను" అన్నాడు.

ఆ చివరి ముక్క దగ్గర ఆగి వివరాలు అడిగాను. రోజూ రాత్రి యాప్ తెరుస్తాడు. పజిల్స్ చేస్తాడు, ఇతరుల ఆటలు చూస్తాడు, ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తులు) వీడియోలు చూస్తాడు. రేటెడ్ గేమ్ (ఫలితాన్ని బట్టి రేటింగ్ మారే ఆట) మొదలుపెట్టే బటన్ దగ్గరకు వెళ్లేసరికి అరచేతులు చెమట పడతాయి, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పినట్టు ఉంటుంది. వెనక్కి వచ్చేస్తాడు. ఇంకో పజిల్. ఇంకో వీడియో. ఎప్పుడైనా ధైర్యం చేసి ఆడి గెలిస్తే ఆ రోజుకు అక్కడితో ఆపేస్తాడు. ఓడిపోతే రెండింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. పోయిన పాయింట్లు తిరిగి తెచ్చుకోవాలని తెల్లవారుజాము దాకా ఆడి ఇంకా పోగొట్టుకుంటాడు, లేదా యాప్ డిలీట్ చేసి మూడు వారాలు దాని జోలికి వెళ్లడు.

ఇక్కడ తేల్చుకోవాల్సిన మొదటి విషయం, ఇది గేమింగ్ వ్యసనమా కాదా అని. ఇంట్లోవాళ్లు, రూమ్మేట్లు అలాగే అనుకుంటున్నారు. రాత్రంతా చెస్ యాప్ తెరిచి ఉన్న మనిషిని చూస్తే అలా అనిపించడం సహజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ 11లో చేర్చిన గేమింగ్ డిజార్డర్‌కు ప్రధాన లక్షణాలు మూడు: ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటకే పెద్దపీట వేయడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా కొనసాగించడం. మామూలుగా ఇవి పన్నెండు నెలల పాటు కనిపించాలి. ఇతని విషయంలో సమయం పోతున్నది ఆడటంలో కాదు, ఆడకుండా తప్పించుకోవడంలో. దీన్ని వ్యసనం అనుకుని "ఫోన్ పక్కన పెట్టండి" అని సలహా ఇచ్చి ఉంటే, అతను రోజూ చేస్తున్న తప్పించుకోవడానికి వైద్యం పేరుతో ముద్ర వేసినట్టు అయ్యేది.

డబ్బు పెట్టి ఆడే యాప్‌ల గురించి కూడా అడిగాను. ఇది అందరినీ అడగాల్సిన ప్రశ్నే. అలాంటి ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం వచ్చింది. అయినా దొడ్డిదారిన ఆడి అప్పులపాలైనవాళ్లు ఉన్నారు. ఇతనికి ఆ సమస్య లేదు. డిప్రెషన్ లక్షణాలు, ఆత్మహత్య ఆలోచనలు కూడా లేవు.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఈ భయం చెస్‌కే పరిమితమా? ఆదివారం అపార్ట్‌మెంట్ క్రికెట్‌లో డకౌట్ అయినా నవ్వుకుంటూ ఇంటికి వస్తాడట. స్నేహితులతో నలుగురు ఒక జట్టుగా ఆడే షూటింగ్ గేమ్‌లో చచ్చిపోయినా పట్టించుకోడట. ఎదురుగా ఒక్క మనిషి, మధ్యలో గడియారం, చివర్లో ఒక అంకె ఉంటేనే బిగుసుకుపోతాడు. మాటల్లో మరో సంగతి బయటపడింది. కంపెనీలోనే మంచి టీమ్‌కు మారే అవకాశం వస్తే, ఇంటర్వ్యూ ఉంటుందని దరఖాస్తే చేయలేదు. ఇలా ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది. జట్టులో ఓడిపోతే ఓటమిని పంచుకోవచ్చు. ఒంటరిగా ఓడితే అదంతా తన మీదే పడుతుంది. ఇదీ అతని లెక్క. కాబట్టి దీన్ని సోషల్ యాంగ్జైటీకి (నలుగురిలో తన గురించి ఏమనుకుంటారో అనే భయానికి) దగ్గరి బంధువుగా, 'నన్ను కొలుస్తున్నారు' అనే భయంగా చూడాలని నిర్ణయించుకున్నాను. నిద్ర సమస్య దాని పర్యవసానం మాత్రమే అనిపించింది.

రక్షణ కోసం చేసే పనులు

1995లో క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు పరిశోధకులు సోషల్ యాంగ్జైటీకి ఒక నమూనా ఇచ్చారు. భయపడే మనిషి రెండు పనులు చేస్తాడు. ఎదురుగా ఉన్న పనిని వదిలి తన శరీరాన్నీ, మనసులో తన గురించి గీసుకున్న బొమ్మనూ గమనిస్తూ ఉంటాడు. ప్రమాదం తప్పించుకోవడానికని చిన్న చిన్న ఏర్పాట్లు చేసుకుంటాడు. ఆ ఏర్పాట్లే భయాన్ని బతికిస్తాయి, ఎందుకంటే ఏ ప్రమాదమూ జరగనప్పుడు 'ఏర్పాటు వల్లే బయటపడ్డాను' అనుకుంటాడు.

ఇతని ఏర్పాట్ల జాబితా రాయమన్నాను. తనే రాసుకుని తెచ్చాడు, చాలా పొడవుగా ఉంది. గెలిచిన వెంటనే ఆపేయడం. జత కుదిరాక ప్రత్యర్థి ప్రొఫైల్ తెరిచి, బలమైనవాడైతే మొదటి ఎత్తుకు ముందే అబార్ట్ (ఆట రద్దు) చేయడం (ఇలా ఎక్కువసార్లు చేస్తే సైటు కాసేపు ఆడనివ్వదు, ఆ శిక్ష కూడా ఇతనికి హాయిగానే ఉండేదట). వేరే పేరుతో రెండో అకౌంట్. ఫ్లాట్‌లో ఎవరూ లేనప్పుడే ఆడటం. మంచం మీద పడుకుని, టీవీ చూస్తూ ఆడటం.

చివరి దాని గురించి ఎక్కువ మాట్లాడుకున్నాం. పడుకుని ఎందుకు ఆడతారు అంటే, "ఓడిపోతే సీరియస్‌గా ఆడలేదు అనుకోవచ్చు కదా మేడమ్" అన్నాడు. ఓటమికి సాకు ముందే సిద్ధం చేసుకోవడాన్ని 1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే సైకాలజిస్టులు వివరించారు. తెలివైనవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తుంటాను. పరీక్షకు ముందురోజు సినిమాకు వెళ్లే మంచి విద్యార్థి చేసేదీ ఇదే. సాకు వల్ల పరువు నిలుస్తుంది, కానీ పూర్తిగా ప్రయత్నించి ఓడిపోయినా తాను తానుగానే ఉంటానని తెలుసుకునే అవకాశం ఎప్పటికీ రాదు.

పనిచేయనివి

మా దగ్గరకు రాకముందే అతను చాలా ప్రయత్నించాడు. కొత్త ఓపెనింగులు నేర్చుకున్నాడు. భయం తెలియకపోవడం వల్ల వచ్చింది కాదు కాబట్టి తెలిసినదాన్ని పెంచినా తగ్గలేదు. ఈ నెలాఖరుకు 1900 చేరాలి అని గోడ మీద రాసుకున్నాడు. ప్రతి ఆటా ఆ అంకెకు అడ్డమో మెట్టో అయి, భయం రెట్టింపైంది.

సెషన్లలో మొదట నిద్ర వేళలు సరిచేశాం, నెమ్మదిగా శ్వాస తీసుకునే పద్ధతి నేర్పాను. నిద్ర కొంత మెరుగైంది. శ్వాస మాత్రం అనుకోని మలుపు తిరిగింది. అతని చేతికి స్మార్ట్‌వాచ్ ఉంది. శ్వాస తీసుకుంటూ, గుండె వేగం 80 కిందకు వచ్చేదాకా ఆట మొదలుపెట్టకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. ఆట మధ్యలో కూడా బోర్డు వదిలి వాచ్ చూడటం మొదలుపెట్టాడు. భయం తగ్గాకే ఆడాలి అనే నియమం కింద ఆట ఎప్పటికీ మొదలవదు. ప్రశాంతత కోసం ఇచ్చిన సాధనం జాబితాలో ఇంకో రక్షణ ఏర్పాటై కూర్చుంది.

అదే సమయంలో రేటింగ్ దాచే ప్రయోగం కూడా చేశాం. లిచెస్ లాంటి సైట్లలో రేటింగులు కనిపించకుండా చేసే సెట్టింగ్ ఉంది, పాయింట్లతో సంబంధం లేని క్యాజువల్ ఆటలూ ఉన్నాయి. భయానికి కారణం అంకె అయితే, అంకె లేకుండా మొదలుపెట్టి తర్వాత దాన్ని తిరిగి తేవచ్చు అనేది ఆలోచన. మెట్లు మెట్లుగా ఎక్కించే పాత పద్ధతే ఇది. మొదటి మెట్టు మీద అతను బాగానే ఆడాడు, రాత్రికి ఐదారు క్యాజువల్ ఆటలు. చాలా సంతోషించాడు కూడా. రేటెడ్‌కు తిరిగి వచ్చిన రోజున భయం నూటికి ఎంత అని అడిగితే మొదటి రోజు చెప్పిన అంకె కంటే ఎక్కువే చెప్పాడు. గట్టు మీద కూర్చుని ఎంత ఈత నేర్చుకున్నా నీళ్ల భయం పోదు. అతను భయపడేది చెస్‌కు కాదు. అందరికీ కనిపించే ఒక అంకె పడిపోవడానికి. క్యాజువల్ ఆటల్లో ఆ సంఘటనే జరగదు కాబట్టి నేర్చుకోవడానికి ఏమీ లేదు.

దారి మార్చడం

ఇక్కడి నుంచి భయాన్ని తగ్గించడం అనే లక్ష్యాన్ని పక్కన పెట్టాం. సైకాలజిస్టు మిషెల్ క్రాస్కే బృందం 2014లో రాసిన ఒక పరిశోధనా వ్యాసం ఇలాంటి కేసుల్లో నాకు దారి చూపిస్తుంది. భయపడే పరిస్థితిలోకి మనిషిని పంపినప్పుడు అక్కడ భయం తగ్గిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదని, అతను ఊహించిన ఘోరం జరగలేదని స్వయంగా చూడటమే ముఖ్యమని ఆ వాదన. అలాంటప్పుడు ఘోరం ఏమిటో ముందు కచ్చితంగా రాసుకోవాలి.

మొదట "ఓడిపోతే చాలా బాధగా ఉంటుంది" అని రాశాడు. అది పరీక్షించడానికి పనికిరాదు. తవ్వితే మూడు వాక్యాలు వచ్చాయి. 1800 కిందకు పడితే తిరిగి ఎప్పటికీ రాలేను. రెండు రాత్రులు నిద్ర పట్టదు, సోమవారం ఆఫీసులో పనిచేయలేను. నాన్న చూస్తారు, నా పని అయిపోయింది అనుకుంటారు.

మూడోది చెప్పడానికి చాలా సమయం పట్టింది. తండ్రి రిటైర్ అయ్యాక ఆయన కూడా అదే సైటులో అకౌంట్ తెరిచారు. కొడుకు ఫ్రెండ్ లిస్టులో ఉన్నారు. చిన్నప్పుడు టోర్నమెంట్‌లో ఓడిపోయిన ఆదివారాలు తండ్రి తిట్టేవారు కాదు, ఏమీ మాట్లాడేవారు కాదు. బస్సులో ఇంటిదాకా ఇద్దరూ మౌనంగా వచ్చేవారు. ఆ మౌనానికి అర్థం ఈ పిల్లవాడే ఊహించుకున్నాడు, ఇరవై ఏళ్లుగా ఊహించుకుంటూనే ఉన్నాడు.

మొదటి వాక్యం లెక్కలతో తేలేది కాబట్టి దానితో మొదలుపెట్టాం. రేటింగ్ అంటే ఏమిటో ఇద్దరం కూర్చుని చూశాం. అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన అర్పాద్ ఎలో తయారుచేసిన పద్ధతిని అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) 1970లో స్వీకరించింది. ఆన్‌లైన్ సైట్లు వాడే గ్లికో పద్ధతులు దాని నుంచి పెరిగినవే. ఆ లెక్క ప్రకారం రెండు వందల పాయింట్లు ఎక్కువ ఉన్న ఆటగాడు వంద ఆటల్లో (గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున) సుమారు 76 పాయింట్లు తెచ్చుకుంటాడు. మిగతా 24 బలహీనుడికే వెళ్తాయి. ఇది విని అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "నాకన్నా రెండు వందలు తక్కువవాడి మీద కూడా నాలుగింట్లో ఒకటి పోతుందా?" పోతుంది. పోకపోతే రేటింగ్ తప్పు అని అర్థం.

తర్వాత వారం తనే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకుని వచ్చాడు. బలం ఏమాత్రం మారని ఆటగాడు, ప్రతిసారీ సమాన ప్రత్యర్థి, గెలిస్తే ఆరు పాయింట్లు, ఓడితే మైనస్ ఆరు. ఆట ఒక్క పిసరు కూడా మారకపోయినా అంకె అరవై డెబ్బై పాయింట్లు పైకీ కిందకీ ఊగుతూనే ఉంది. వంద ఆటల్లో ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు ఓటములు వచ్చే అవకాశం 80 శాతం పైనే. అంటే ఇతను యాప్ డిలీట్ చేసిన ప్రతిసారీ చూసింది తన పతనాన్ని కాదు, మామూలు ఊగిసలాటను. ఎక్కువసార్లు ఆడకపోవడం వల్ల అది ఊగిసలాట అని తెలిసే వీలే లేకపోయింది.

లెక్క అర్థమైతే భయం పోతుందని నేను అనుకోను, పోలేదు కూడా. కానీ ఒక పని చేయడానికి ఒప్పుకునేంత ధైర్యం వచ్చింది. 1800 కిందకు దిగి చూడటం.

ఎలా దిగాలి

"కావాలని నాలుగు ఆటలు ఓడిపోతా" అన్నాడు. వద్దన్నాను. మొదటి కారణం న్యాయం. కావాలని ఓడటం సైటు నియమాలకు విరుద్ధం, ఎదుటివాడి ఆటకు అవమానం. రెండోది చికిత్సకు సంబంధించింది. కావాలని ఓడితే అది మళ్లీ సాకే. మంచం మీద పడుకుని ఆడటానికీ దానికీ తేడా లేదు. పూర్తి మనసుతో ఆడాలి, ఓడే అవకాశం నిజంగా ఉండాలి.

బలమైనవాళ్లతో ఆడితే సరిపోతుందా? రేటింగ్ పడుతుంది, కానీ 2000 ఉన్నవాడి చేతిలో ఓటమి ఇతనికి నొప్పే కాదు. నొప్పి తనకంటే తక్కువవాడి దగ్గర ఉంది. అందుకే ఆటలు కలిపాం. కొన్ని తనకంటే ఎక్కువ ఉన్నవాళ్లతో, కొన్ని బాగా తక్కువ ఉన్నవాళ్లతో. తక్కువవాళ్లతో ఆడే రోజున చెమటలు ఎక్కువ పట్టాయి. సరైన చోటే వేలు పెట్టామని అప్పుడు తెలిసింది.

నియమాలు కొన్నే పెట్టుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి, హాల్లో బల్ల దగ్గర, రూమ్మేట్లు ఉన్నా సరే. మూడు రేటెడ్ ర్యాపిడ్ ఆటలు. మొదటిది గెలిచినా మూడూ ఆడాలి, మూడూ ఓడినా నాలుగోది లేదు. ఈ ఒక్క నియమం రెండు జబ్బులకూ మందు. గెలవగానే పారిపోవడమూ కుదరదు, ఓటమిని తరుముకుంటూ తెల్లవార్లూ ఆడటమూ కుదరదు. వాచ్ తీసి డ్రాయర్‌లో పెట్టాలి. ప్రొఫైల్ చూడకూడదు.

గుండె దడ గురించి విడిగా మాట్లాడుకున్నాం. ఫ్రీస్టైల్ చెస్ టోర్నీల ప్రసారాల్లో ఆటగాళ్ల గుండె వేగాన్ని తెర మీద చూపిస్తారు. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లకు కూడా గడియారం తగ్గేకొద్దీ ఆ అంకె పైకి లేవడం ఇతను చూశాడు. దడను శత్రువుగా కాక సిద్ధపాటుగా చదువుకోవడం వల్ల ఉపయోగం ఉందని ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు చెబుతున్నాయి. ప్రశాంతంగా ఉన్నాను అని చెప్పుకున్నవాళ్ల కంటే ఉత్సాహంగా ఉన్నాను అని చెప్పుకున్నవాళ్లు పాటలోనూ ప్రసంగంలోనూ లెక్కల్లోనూ మెరుగ్గా చేశారు. ఇతనికి అది కొంతవరకే పనికొచ్చింది. అంతకంటే బాగా పనిచేసింది దృష్టిని బయటకు తిప్పడం. ప్రత్యర్థి ప్రతి ఎత్తు తర్వాత "ఇప్పుడు ఇతను ఏం చేయబోతున్నాడు?" అని పెదాల మీద అనుకోవాలి. చెస్ కోచ్‌లు పిల్లలకు నేర్పేది కూడా ఇదే. తన చేతుల వణుకును చూసుకునే మనసుకు చూడటానికి ఇంకో మనిషి ఆలోచన దొరికింది.

ఆట అయ్యాక ఇంజిన్ (ఆటలోని తప్పులు చూపించే ప్రోగ్రామ్) తెరవడం కూడా మర్నాటికి వాయిదా వేశాం. ఓడిన నిమిషంలో ఎర్ర రంగు తప్పుల గుర్తులు చూడటం నేర్చుకోవడం కాదు, అతని విషయంలో అది తనను తాను కొట్టుకోవడం. ముందు తన మాటల్లో ఒక్క వాక్యం రాయాలి: ఆట ఎక్కడ మారింది? "గుర్రాన్ని అనవసరంగా అంచుకు పంపాను" లాంటివి. ఆ నోట్‌బుక్ తర్వాత మాకు చాలా పనికొచ్చింది. మొదటి పేజీల్లో "నేను వేస్ట్" అని ఉంది. పోనుపోను వాక్యాల్లో 'నేను' తగ్గి ఏనుగులు, బంటులు, గడియారం పెరిగాయి.

ఏం జరిగింది

రేటింగ్ 1800 దాటి కిందకు పోయింది. 1740ల దాకా పోయింది.

రాసుకున్న వాక్యాల దగ్గరకు తిరిగి వెళ్లాం. మొదటి రాత్రి నిజంగానే నిద్ర సరిగా పట్టలేదు. ఈ మాట దాచకుండా చెప్పాడు, నేనూ దాన్ని చిన్నది చేయలేదు. రెండో రాత్రి పట్టింది. సోమవారం ఆఫీసులో పని మామూలుగా జరిగింది, మధ్యాహ్నం దాకా అంకె గుర్తుకే రాలేదట. కొన్ని వారాల్లో రేటింగ్ మళ్లీ 1800 దాటింది, మళ్లీ దిగింది. రెండోసారి దిగినప్పుడు దాని గురించి సెషన్ చివర్లో, వెళ్లబోతూ చెప్పాడు. నాకు అదే అన్నిటికంటే మంచి సూచనగా అనిపించింది.

మూడో వాక్యాన్ని పరీక్షించడానికి ఒకటే దారి, తండ్రిని అడగడం. దానికి తొందరపెట్టలేదు. తండ్రి జవాబు నిజంగానే కఠినంగా ఉంటే ఏం చేస్తారు అనేది ముందే మాట్లాడుకున్నాం, ఎందుకంటే ఆ అవకాశం లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పండక్కి ఊరెళ్లినప్పుడు అడిగాడు. "నాన్నా, నా రేటింగ్ పడిపోయింది, చూశారా?" ఆయన కళ్లజోడు సర్దుకుని ఫోన్ తీశారట. "రేటింగ్ ఎక్కడ ఉంటుందిరా ఇందులో? నీ పేరు పక్కన పచ్చ చుక్క వస్తుంది చూడు, అది చూస్తా. రాత్రి పదకొండైనా చుక్క ఉంటే ఇంకా పడుకోలేదే అనుకుంటా."

చిన్నప్పటి బస్సు ప్రయాణాల గురించి కూడా అడగాలనుకున్నాడు, అడగలేదు. అడిగి తీరాలని నేనూ అనలేదు. ఒక భయానికి మూలం ఎక్కడుందో తెలుసుకోవడం వేరు, ఆ మూలం దగ్గర లెక్క తేల్చుకోవడం వేరు. రెండోది లేకుండానే చాలామంది ముందుకు వెళ్తారు.

ఈ కేసు నుంచి తోటివాళ్లకు

2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్‌లో హంపి మొదటి రౌండ్‌లోనే ఓడి, చివరికి టైటిల్ గెలిచింది. అదే నెల ఫిడే జాబితాలో వరంగల్ ఆటగాడు అర్జున్ ఎరిగైసి 2801కి చేరాడు, 2025లో మళ్లీ 2800 కిందకు వచ్చాడు. ఈ రెండు ఉదాహరణలూ నేను చెప్పినవి కావు, అతనే తెచ్చాడు. అతను చెస్‌ను ప్రేమిస్తాడు. "ఆటే కదా" అని ఉంటే ఈ ఉదాహరణలు మా గదిలోకి వచ్చేవి కావు. క్లయింటుకు ఇష్టమైనదాన్ని అతనంత గౌరవంగా చూడటం మర్యాద కోసమే కాదు, చికిత్స నడవడానికి కూడా అవసరం. చెస్ రాకపోతే నేర్చుకోనక్కర్లేదు. రేటెడ్ అంటే ఏమిటి, క్యాజువల్ అంటే ఏమిటి, అబార్ట్ ఎప్పుడు చేస్తారు అని అడిగి తెలుసుకుంటే చాలు. రక్షణ ఏర్పాట్లన్నీ ఆ వివరాల్లోనే దాక్కుని ఉంటాయి.

ఫైటింగ్ గేమ్స్ ఆడేవాళ్లలో, ఒకరితో ఒకరు తలపడే కార్డ్ గేమ్స్ ఆడేవాళ్లలో కూడా ఇదే వరస చూశాను. గెలిచి ఆపేయడం, రెండో అకౌంట్, ప్రాక్టీస్ మోడ్‌లోనే గంటలు గడపడం. ప్రాక్టీస్ అనేది శ్రద్ధలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని తప్పించుకోవడంగా గుర్తుపట్టడం కష్టం. "చివరిసారి నిజమైన మ్యాచ్ ఎప్పుడు ఆడారు?" అనే ఒక్క ప్రశ్నతో చాలా తెలుస్తుంది.

చేతులు ఇప్పటికీ చెమట పడతాయని అతను చెబుతాడు. మొదటి ఐదు ఎత్తుల దాకా. మేం ఆపిన సమయానికి వారంలో చాలా రోజులు ఆడుతున్నాడు, రెండో అకౌంట్ మూసేశాడు. కంపెనీలో ఒక ఇంటర్వ్యూకు దరఖాస్తు చేశాడు, వెళ్లాడు, ఎంపిక కాలేదు. ఇంకోదానికి దరఖాస్తు చేశాడు.

ఈ పద్ధతి అందరికీ తగదు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లను మళ్లీ ఆడమని పంపకూడదు. ఆట మీద అదుపు పోయినవాళ్లకు చికిత్స వేరు, బెంగళూరు నిమ్హాన్స్‌లోని షట్ క్లినిక్ లాంటివి దాని కోసమే ఉన్నాయి. ఓటమి తర్వాత చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆట సంగతి పక్కన పెట్టి ముందు ఆ మాటే వినాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.